టాంకిల చింతగింజ

ఆ రోజులు తలుచుకుంటే నాకు నా మీదనే నవ్వొస్తది. ఇప్పుడు నేను అర్రల అడుగు పెట్టంగనే మనుమరాండ్లు ఉరికి ఫ్యాను, లైటు బందు చేస్తరు. కని ఈ పొదుపు పిచ్చి ముసలితనంతోని వచ్చింది కాదు, పెండ్లయిన కొత్తలనే ఉండె. (చదివింది మూడో తరగతే. బలపం గోరంత అరిగినా పారెయ్యకపోయేదాన్ని.)

మా ఆయన అప్పుడే ఉస్తాదు కాడ పని బందుపెట్టి, కాశిబుగ్గల సొంతంగ కార్లు బాగుచేసే రేకుల షెడ్డు ఏసిండు. మొదటి పెద్ద పని హన్మకొండ వకీలు సారు కారు. వాళ్ల నాయన కాలంనాటి విదేశీ కారు, మా వంటింటికన్న పొడుగు, లోపల తోలు సీట్లు. అంత గొప్ప కారుకు పెట్రోలు టాంకి తుప్పువట్టి చిల్లి పడ్డది. వకీలు సారు వాళ్లమ్మను అందుల రామప్ప గుడికి తీస్కపోవాలె. ఈ పని కుదిరితే నలుగురి కార్లు మా షెడ్డుకొస్తయి. చెడితే మా ఆయన మళ్ల ఉస్తాదు కాడికి తల వంచుకొని పోవాలె.

తుప్పు ఎట్ల పోవాలని ఆయన ఫికర్ చేస్తాంటే, ఇత్తడి బిందె చిలుము వదిలించే చింతపండు దీన్ని వదిలించదా అని ఉపాయం నేనే చెప్పిన. గింజ తీసిందే తెమ్మని రెండుసార్లు చెప్పి పైసలిచ్చిండు. దుకాణం కాడ నిలబడి ఆలోచించిన. గింజతోనిది అగ్గువ. కారేమన్న పులుసు పోసుకొని తింటదా, పంటి కింద గింజ పడ్డదని అలగనీకె? అగ్గువదే కొని, మిగిలిన పైసలకు వాసన సబ్బు కొన్న. (కాయిదం సుత ఇప్పకుండ చీరెల నడుమ దాచిన.)

ఊడదీసిన టాంకి చిల్లికి గుడ్డ కుక్కి, పులుసు పోసి, గులకరాళ్లేసి, ఇద్దరం చెరో దిక్కు పట్టుకొని పొద్దంత ఊపినం. పిల్లలు కాకముందే తొట్టెల ఊపుడు నేర్చుకుంటాన్రా అని పక్కింటామె నవ్వింది. కడుగుడు నాదే. గింజలన్ని వచ్చినయనుకొని, ఆయన కంట పడకుండ ఏరి పారేసిన. ఆరినంక ఆయన చిల్లికి సీసం కరిగించి మాటు ఏసిండు.

దారిల అవసరం పడ్తదని వకీలు సారు మా ఆయనను ఎంట తీసుకున్నడు. వాళ్లమ్మ, తనకు తోడని నన్ను సుత ఎక్కమన్నది. గొప్పోళ్ల నడుమ చేతులు కడగాల్సొస్తదని సబ్బు సంచిల ఏసుకున్న. ములుగు దాటినంక కారు ఆగింది. జరసేపటికి దానంతటదే నడిచింది. మళ్ల ఆగింది. మూడోసారి వకీలు సారు దిగి, "నీ చెయ్యి నమ్మి అమ్మను తెచ్చిన గదయ్యా" అన్నడు. గట్టిగ సుత అనలే. మా ఆయన ఇంజను దిక్కు వంగిండు, చెవులు మాత్రం ఎర్రవడ్డయి. టాంకిలకెల్లి పెట్రోలు పోయే పైపు మూతికి అడ్డం పడేదేందో నాకు తెలిసిపోయింది.

నేను పుట్టి బుద్ధెరిగి తప్పు ఒప్పుకున్నదాన్ని కాదు. కని ఆ చెవులు చూసి ఉండబట్టలే.

"సారూ, ఆయన గింజ తీసిన చింతపండే తెమ్మన్నడు. నేనే అగ్గువకు గింజది తెచ్చిన. ఒకటి లోపల్నే ఉన్నట్టున్నది."

మా ఆయన ఒక్క చూపు చూసి, కారు కిందికి దూరి, టాంకి అడుగు బిరడ ఇప్పి పెట్రోలు డబ్బాల పట్టిండు. ఆఖరుకు టక్కుమని గింజ పడ్డది. బిరడ బిగించి పెట్రోలు మళ్ల పోస్తే సన్నగ కారుడు మొదలైంది. సబ్బు ముక్క రుద్దితే ఆగుతది, ఎవరి కాడన్న ఉన్నదా అని కిందికెల్లి అడిగిండు. నేను సంచి గట్టిగ పట్టుకున్న. సారు వాళ్లమ్మ వాసన పట్టింది. "మిగిలిన పైసలకు ఇదేనా బిడ్డా కొన్నది?" అన్నది.

కాయిదం ఇప్పుకుంట ఏడ్చిన. ఆమె నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నది. రామప్ప చేరేదాక కారు మళ్ల ఆగలే. సారు ఈ ముచ్చట కోర్టంత చెప్పినట్టున్నడు, 'చింతగింజ షెడ్డు ఏడ' అని అడుక్కుంట కార్లు వచ్చినయి.

ఇప్పటికీ ఇంట్ల అన్నీ అగ్గువవే తెప్పిస్త, చింతపండు ఒక్కటి తప్ప. దానికే ఎందుకు ఎక్కువ పెడ్తవని కోడలు అడిగితే, గింజ కొరికితే పండ్లు ఊడుతయని చెప్త. మా ఆయన అటు తిరిగి దగ్గుతడు. ఆ సబ్బు సగం ఇంక నా చీరెల నడుమనే ఉన్నది. పెట్రోలు వాసనకు ఒంటికి రుద్దుకునేటట్టు లేదు. పారేద్దామంటే, సగం మిగిలే ఉన్నది గదా.