కనకాంబరాలు కట్టిన పెడలు

నా చిన్నప్పుడు మా మావయ్య ధవళేశ్వరంలో ఇరిగేషన్ ఆఫీసు గుమాస్తా, సెలవు రోజుల్లో ఆర్కెస్ట్రాలో డ్రమ్మరు. రెండింటిలో నీ అసలు ఉద్యోగం ఏదని అడిగితే ఆఫీసులో ఒక జవాబు, ఇంట్లో ఇంకో జవాబు చెప్పేవాడు. మనిషి అంతే, ఏ సంగతీ తిన్నగా తేల్చి చెప్పడు. అందుకే మండపేట పెళ్ళిలో ఆయన చేసిన పని ఇన్నేళ్ళొచ్చినా నాకు సరిగ్గా అంతుపట్టలేదు.

నాకప్పుడు పదకొండేళ్ళు. అక్కడొక రైసుమిల్లు వాళ్ళింట పెళ్ళి, సాయంత్రం పాటకచ్చేరి. మొదటిసారి స్టేజీ మీద నేను పాడాలి. మా నాన్నగారికి ఆడపిల్ల మైకు ముందు నిలబడటం బొత్తిగా ఇష్టం లేదు. మావయ్య వెంటపడి బతిమాలితే ఆఖరికి ఒక్క పాటకి ఒప్పుకున్నారు. "బాగుంటే చూద్దాం. నవ్వులపాలైతే మాత్రం మళ్ళీ నా దగ్గర పాట ఊసెత్తకండి," అన్నారు. పాటంటే ప్రాణం పెట్టేదాన్ని కదా, ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ముద్ద దిగలేదు.

సరిగ్గా ఆ వారమే మావయ్యకి మద్రాసు నుంచి కొత్త పెడలు వచ్చింది. పెద్ద డ్రమ్మును కాలితో మోగించే సాధనం అది. నొక్కితే ముందున్న గుండు వెళ్ళి డ్రమ్మును కొడుతుంది, వదిలితే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. పాతది తుప్పు పట్టి, ప్రతి దెబ్బకీ ముందు కిర్రుమనేది. ఇంట్లో సాధన చేసేటప్పుడు ఆ కిర్రు విని నేను పాట అందుకునేదాన్నని అప్పటికి నాకే తెలియదు. కొత్తది చడీచప్పుడూ లేకుండా పనిచేస్తుందని మావయ్య తెగ మురిసిపోయాడు.

మా అమ్మమ్మ మాత్రం సైకిలైనా, ఫ్యానైనా పసుపు కుంకుమలు పెట్టందే ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. పెడలుకీ పసుపు రాసింది, గుండుకి బొట్టు పెట్టింది, కనకాంబరాల దండ తెచ్చి దాని మెడకి నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. "మొదటి పాట అయ్యేదాకా విప్పావంటే ఊరుకోను," అంది. కాలితో తొక్కే వస్తువుకి దండేంటమ్మా అని మావయ్య గొణిగాడే గానీ విప్పే ధైర్యం చెయ్యలేదు.

మిల్లు ముందు వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళంలో రెండు ట్రాక్టరు తొట్లు పక్కపక్కన పెట్టి, పైన బల్లలు పరిచి స్టేజీ కట్టారు. నాన్నగారు ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పాట మొదలైంది. కిర్రు వినపడలేదు. ఎక్కడ అందుకోవాలో తెలియక పల్లవి ఒక్క క్షణం ఆలస్యంగా ఎత్తుకున్నాను. ఎలాగో సర్దుకున్నానో లేదో, డ్రమ్ము దెబ్బ వెనకబడటం మొదలెట్టింది. నేనే పరిగెడుతున్నాననుకుని నెమ్మదించాను. దెబ్బ ఇంకా నెమ్మదించింది. నేనూ ఇంకాస్త తగ్గాను. హార్మోనియం మాస్టారు నా వైపు కొరకొరా చూశారు. తప్పు నాదో, మావయ్యదో, అసలు తప్పనేది ఉందో లేదో ఏమీ తెలియలేదు. ముందు వరసలో నాన్నగారు తల దించుకున్నారు.

వెనక్కి తిరిగి చూశాను. దండ దారం స్ప్రింగులోకి చుట్టుకుపోయింది. గుండు డ్రమ్ముకి అంటుకుని వెనక్కి రావడం లేదు. మావయ్య మొహం చెమటతో తడిసిపోయింది. అప్పుడాయన చేసిన పని ఒక్కటే. కర్రలతో సహా రెండు చేతులూ పైకెత్తి, అలాగే ఉంచి, నా కళ్ళలోకి చూశాడు.

ఆపమంటున్నాడా, పాడమంటున్నాడా? నాకు అర్థం కాలేదు. ఆపితే నా పాట అక్కడితో సరి. ఏం చెయ్యాలో తోచక, నోట్లో ఉన్న చరణాన్ని అలాగే ముందుకు లాగాను. డ్రమ్ము లేకపోయేసరికి నా గొంతు మిల్లు గోడకి తగిలి తిరిగొచ్చి నాకే వినపడింది. ఇది నాదేనా అనిపించింది. హార్మోనియం వచ్చి నా వెనక నడిచింది. చరణం ముగించి పల్లవికి వచ్చేసరికి మావయ్య చేతులు దిగాయి, చిన్న డ్రమ్ములతోనే పాట పూర్తిచేశాడు.

కచ్చేరి అయ్యాక అందరూ తలోమాటా అన్నారు. అంతా దండ మహిమేనంది అమ్మమ్మ. నాన్నగారు మావయ్యని పిలిచి, "చరణంలో డ్రమ్ములు ఆపావు చూడు, అక్కడ బాగుందయ్యా. అన్నవరంలో జరిగే కచ్చేరికి కూడా పిల్లని తీసుకెళ్ళు," అన్నారు. నాకు ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. మావయ్య బ్లేడుతో దారం కోసుకుంటూ కూర్చున్నాడు.

మర్నాడు అడిగాను, "పెడలు ఇరుక్కుంది సరే మావయ్యా, చేతులు బాగానే ఉన్నాయిగా, ఎందుకు ఆపేశావు?" అని. "కాలు ఆడకపోతే చేతులేం ఆడతాయే పిచ్చిపిల్లా, బిగుసుకుపోయాను," అన్నాడు. తర్వాత నా పెళ్ళిలో పదిమంది ముందూ, "కావాలనే ఆపానండి, దాని గొంతు దానికి వినపడాలని," అని గొప్పగా చెప్పాడు. పక్కకి పిలిచి నిలదీస్తే, "అలా అన్నానా?" అని నవ్వేశాడు. రెండింటిలో ఏది నిజమో చెప్పకుండానే కాలం చేశాడు.

ఇప్పుడు రాజమండ్రిలో మా ఇంట్లో పిల్లలకి పాట నేర్పుతున్నాను. ఎవరైనా తడబడి నా వైపు చూస్తే, హార్మోనియం మీంచి నా చేతులు వాటంతటవే లేచిపోతాయి. ఆపమంటున్నానా, పాడమంటున్నానా అని ఆ పిల్ల తెల్లమొహం వేస్తుంది. అప్పుడు ఆ పిల్ల కంటే నాకే ఎక్కువ భయం వేస్తుంది. ఆ రోజు మావయ్యకీ ఇంత భయం వేసి ఉంటుందని ఈమధ్యనే తోస్తోంది. పాడు తల్లీ, పాడు అని లోపల్లోపల బతిమాలుకుంటూ ఉంటాను. చేతులు మాత్రం దించను.