ఆవలింతల వీరుడు

లిఫ్టు మావయ్యకు లెవెల్ పెరగడమంటే గిట్టదు. లిఫ్టులు బాగుచేసే పనిలో జీతం పెరిగితే సంతోషిస్తాడు, పొట్ట పెరిగితే పట్టించుకోడు. ఆటలో లెవెల్ పెరుగుతుందంటే మాత్రం అప్పులవాణ్ని చూసినట్టు సందు మార్చేస్తాడు. లోకంలో ఆటలాడేవాళ్లంతా పై లెవెల్‌కి ఎప్పుడెప్పుడు పోదామా అని గోళ్లు కొరుక్కుంటుంటే, ఈయన మూడేళ్లుగా తొమ్మిదో లెవెల్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

ఫోనులో ఆడే ఆ ఆట పేరు మబ్బుల మెట్లు. దాన్ని ఇంట్లోకి తెచ్చింది మేనకోడలు. కళ్లజోళ్ల దుకాణంలో పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల కళ్లు పరీక్షించి, సాయంత్రం తన కళ్లను ఆ ఆటలోకి విహారానికి పంపేది. అందులో గడ్డిపరకల చివర దీపాలు పూస్తాయి. వాన నేల మీద నుంచి ఆకాశంలోకి కురుస్తుంది. నదులు నడిచి నడిచి అలసిపోతే ఒడ్డెక్కి కాసేపు కూర్చుంటాయి. అన్నిటికన్నా పైన, ఎప్పుడూ మబ్బుల చాటునే ఉండే మేడ ఒకటుంది. జన్మలో ఒక్కసారైనా ఆ మేడను కళ్లారా చూడాలని మేనకోడలి కోరిక. కలలో కూడా మెట్లే ఎక్కేది. మేడ వచ్చేలోగా అలారం మోగేది.

ఆ ఆటలో లెవెల్ పెరిగే తీరు వేరు. తోడేళ్లను తరిమినా, దారి తప్పినవాళ్లకు దారి చూపినా పాయింట్లు వస్తాయి. అవి ఎన్ని పేరుకున్నా వట్టివే. సత్రానికి పోయి ఒక నిద్ర తీస్తేనే ఒంటికి పట్టి లెవెల్ పెరుగుతుంది. ఎవరి గుణం వాళ్లది కదా, మేనకోడలి తమ్ముడు చీమను చంపినా సత్రానికి పరుగెత్తి పడుకునే రకం. మేనకోడలు తన పాయింట్లను బలానికింత, వేగానికింత, చూపుకింత అని చక్కెర కొలిచినట్టు పంచుతుంది. ఆటలో మావయ్య నడిపే వీరుడు మాత్రం మూడేళ్లుగా రెప్ప వాల్చలేదు. నిద్రలేనివాళ్లు ఆవలించాలని ఆట తయారుచేసినవాళ్లు ఎక్కడో రాసిపెట్టారు కాబోలు, ఆ వీరుడు నాలుగడుగులు వేస్తే ఆవలింత, కత్తి దూస్తే ఆవలింత. కళ్ల కింద నల్లటి వలయాలు చెంపల దాకా దిగిపోయాయి.

"మావయ్యా, పాపం, వాణ్ని పడుకోనియ్యి" అని మేనకోడలు బతిమాలేది.

"వాడికి నిద్ర రావట్లేదే."

"దవడలు ఊడేలా ఆవలిస్తున్నాడు!"

"ఆవలింతా అది? పాట పాడుకుంటున్నాడు."

ఇంతా చేసి మావయ్య స్వయంగా ఎక్కడ పడితే అక్కడ నిద్రపోయే మనిషి. మంగలి కుర్చీలో పడుకుంటాడు, బ్యాంకు వరసలో నిలబడి పడుకుంటాడు. ఒకసారి ఎవరింటికో పెళ్లిచూపులకు తోడు వెళ్లి, పెళ్లికొడుకు భుజం మీదే పడుకున్నాడు. వీరుడి వాటా నిద్ర కూడా ఈయనే పోతున్నాడని తమ్ముడి వాదన. కింది అంతస్తులో ఒంటరిగా ఉంటాడు గనక రోజూ సాయంత్రం అక్కగారింటికి వచ్చి, హాల్లో సోఫా మీద నిండా దుప్పటి ముసుగేసి "ఒక్క కునుకు" అంటాడు. ఆ గంటసేపూ ఎవరూ కదిలించకూడదు.

అదే వేళకు మేనకోడలి అమ్మ తన గది తలుపు వేసుకుంటుంది. ఆవిడది కాలి వ్యాయామం. మూడేళ్ల కిందట ఏదో ఆఫీసుకు పనిమీద వెళ్లి, అక్కడి లిఫ్టు గడపకు రెండు వేళ్లు దిగువన ఆగితే చూసుకోక, తట్టుకుని పడి చీలమండ విరగ్గొట్టుకుంది. మంచం మీద ఉన్న మనిషికి కాలక్షేపమని మేనకోడలు ఆమెకూ మబ్బుల మెట్లు పెట్టి ఇచ్చింది. నడవలేనప్పుడు కనీసం అక్కడైనా తిరుగుతుందని. తొలి రోజే వంతెన దగ్గర తోడేలు వచ్చి ఆవిణ్ణి తినేసింది. మళ్లీ లేస్తే మళ్లీ తినేసింది. "నాకొద్దే తల్లీ ఈ తోడేళ్ల ఆట!" అని ఆమె పెట్టిన కేకకు సోఫా మీది మావయ్య కింద పడ్డాడు. దాంతో ఆ ముచ్చట తీరిపోయిందనే అందరూ అనుకున్నారు.

అమ్మకు ఇంకో అలవాటుంది. ఫోను పెట్టేసేటప్పుడు అందరూ అనే 'ఉంటాను' అనే మాటను ఆవిడ ప్రతి మెసేజీ చివరా రాస్తుంది. "వచ్చేటప్పుడు పాలు తే. ఉంటాను." "గొడుగు మరిచావు. ఉంటాను." వెళ్లిపోయేటప్పుడు ఉంటాను అనడమేమిటని తమ్ముడు ఏడిపిస్తే, "మరి వెళ్లిపోతాను అంటే బావుంటుందిట్రా?" అంటుంది.

ఇలా ఉండగా పిడుగులాంటి కబురొచ్చింది. ఆడేవాళ్లు తగ్గిపోయారు, వచ్చే ఆదివారం సాయంత్రం ఆరింటికి మబ్బుల మెట్లు శాశ్వతంగా మూసేస్తున్నామని ఆటవాళ్లు ప్రకటించారు. మేనకోడలికి అన్నం సయించలేదు. ఇంకా మేడ చూడనే లేదు. మేడ తలుపు తెరుచుకోవాలంటే ముప్ఫై దాటిన లెవెల్ వాళ్లు ముగ్గురు కలిసి తోయాలి. తనుంది, తమ్ముడున్నాడు. మూడో మనిషి మావయ్యే. ఆయన దగ్గర పేరుకున్న పాయింట్లకు ఒక్క కునుకు తీస్తే చాలు, నలభై దాటేస్తాడు.

"మావయ్యా, ఒక్క నిద్ర! నా కోసం!"

"సత్రంలో నల్లులున్నాయటే."

"ఆటలో నల్లులేమిటి మావయ్యా!"

"ఉన్నాయో లేవో పడుకున్నాక తెలిసి ఏం లాభం?"

"అసలు పైకి పోవడమంటే నీకెందుకంత భయం? రోజూ లిఫ్టులతోనే కదా నీ పని!"

మావయ్య ముసుగులోంచి మొహం బయటపెట్టాడు. "లిఫ్టుల వాణ్ని గనకే చెబుతున్నా వినవే. ఏ లిఫ్టయినా పైకి పోతుంది. అదేం గొప్ప కాదు. మనిషి కాలు పెట్టే గడపకి సమంగా వచ్చి ఆగాలి. మా పనిలో లెవెల్ అంటే అదీ" అని మళ్లీ ముసుగు లాక్కున్నాడు. నిమిషంలో గురక.

మేనకోడలికి ఒళ్లు మండిపోయింది. మూడేళ్లుగా అడిగిందల్లా నవ్వులాటగా తీసేశాడు, ఇప్పుడూ అంతేనా అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆదివారం సాయంత్రం మావయ్య ముసుగేయగానే ఒక నిశ్చయానికి వచ్చింది. వీరుణ్ణి చెవి పట్టుకుని సత్రానికి ఈడ్చుకుపోవాలి. ఆయన తిరిగేది దీపాల బయల్లో. అది కొత్తవాళ్ల చోటు, పదో లెవెల్ దాటినవాళ్లను ఇక ఎన్నటికీ లోపలికి రానివ్వదు. అందుకని అప్పటికప్పుడు ఒకటో లెవెల్ పిల్లనొకదాన్ని పుట్టించి, ఆ పిల్లగా బయల్లో దిగింది.

ఎంత కాలమైందో తను ఆ బయలు చూసి! మోకాలెత్తు గడ్డి, చివర్లలో గోరంత దీపాలు. పైకి కురుస్తున్న వాన. వంతెన దగ్గర మావయ్య వీరుడు కత్తి పట్టుకుని ఆవలిస్తున్నాడు. వాడి పక్కన పసుపుపచ్చ గొడుగేసుకుని, పొట్టిగా, గుండ్రంగా ఒక ముసలామె తీరిగ్గా దీపాలు చూసుకుంటూ నడుస్తోంది. గట్టు మీద తోడేలు కనబడగానే వీరుడు ఆవలిస్తూనే వెళ్లి దాన్ని తరిమేసి, ఆవలిస్తూనే తిరిగొచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. ఆమె తల మీద మాటలు వెలిగాయి.

"బాబూ, కళ్లు చూడు ఎలా పీక్కుపోయాయో. రోజూ చెబుతున్నా పడుకోమని. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏమీ అనరా? ఉంటాను."

మేనకోడలు ఆ ఆఖరి మాట రెండుసార్లు చదివింది. తలెత్తి అమ్మ గది తలుపు చూసింది. తల తిప్పి సోఫా మీది ముసుగు చూసింది. ముసుగులో సన్నగా ఫోను వెలుతురు. గురక మాత్రం శ్రుతి తప్పకుండా సాగుతోంది. నలుగురి కళ్లూ పరీక్షించే తన కళ్లకు ఇంట్లో సంగతి ఇన్నాళ్లూ ఆనలేదు. ఒక్క నిద్ర తీస్తే ఆ వీరుడికి బయలు తలుపు మూసుకుపోతుంది. అమ్మ తోడేళ్ల దగ్గర ఒంటరిగా మిగులుతుంది. గడపకు సమంగా ఆగడమంటే ఏమిటో మేనకోడలికి అప్పుడు తెలిసింది. కోపమంతా ఎటు పోయిందో పోయింది, మావయ్య మీద చెప్పలేనంత ప్రేమ ముంచుకొచ్చింది.

"అక్కా, గంట కూడా లేదు! మావయ్యను లేపావా?" అని గుసగుసగా అడిగాడు తమ్ముడు.

"వద్దురా. నువ్వూ ఇక్కడికే రా" అని చేతిలోని ఫోను చూపించింది. తమ్ముడు చూశాడు, నోరు తెరిచాడు, తనూ ఒక ఒకటో లెవెల్ పిల్లాణ్ణి పుట్టించాడు.

"ఈ పిల్లలెవరు బాబూ, వానలో తడుస్తున్నారు? రండర్రా, గొడుగులోకి రండి. ఉంటాను" అంది గొడుగామె. వాన కింది నుంచి కురుస్తుంటే గొడుగు దేనికో ఎవరూ అడగలేదు.

ఆ ఆటలో ఒక గొడుగు కింద చేరితే ఒకరి బలమో, వేగమో, చూపో ఇంకొకరికి అంటుతుంది. అమ్మ తన కొద్దిపాటి పాయింట్లూ ఒక్క చూపు మీదే పోసింది. దీపాలు బాగా కనబడాలని. బుద్ధున్నవాళ్లెవరూ చేయని పని. మేనకోడలు గొడుగు కిందకు వెళ్లి తలెత్తింది. మబ్బులు పల్చటి తెరలా తొలగాయి. వాటి వెనకాల, నిద్రలో నవ్వుతున్న పసిపాప మొహంలా మెత్తగా వెలుగుతూ, మేడ. ఎన్ని వేల మెట్లెక్కినా దొరకని మేడ, మొదటి మెట్టు దగ్గర నిలబడితే కనిపించింది.

ఆరు కావస్తుండగా గొడుగామె వీరుడి వైపు తిరిగింది. "బాబూ, ఇవాళే ఆఖరటగా. ఇంక పడుకో. తోడేలొస్తే నేను చూసుకుంటాను. ఉంటాను."

వీరుడు కదల్లేదు. ఆమె గొడుగు మొనతో వాణ్ణి సత్రం దాకా తోసుకుపోయింది. గుమ్మం ముందు తోడేలు రానే వచ్చింది. మూడేళ్లుగా తోడేలంటే హడలిపోయే మనిషి గొడుగు ముడిచి దాని నెత్తిన ఒక్కటి వేసింది. లోపల వీరుడు మంచమెక్కి, ఆఖరి ఆవలింత ఆవలించి, కళ్లు మూసుకున్నాడు. వాడి నెత్తిన అంకెలు పది, ఇరవై, ముప్ఫై అంటూ పరుగెత్తాయి. నలభై దాటగానే తెర నల్లబడింది. ఎంత వరకు పోయిందో ఎవరికీ తెలియదు.

అమ్మ గది తలుపు తెరుచుకుంది. ఆవిడ తిన్నగా సోఫా దగ్గరికి వచ్చి దుప్పటి లాగేసింది.

"ఒరేయ్, లే. సత్రంలో పడుకున్నది చాలదూ, మళ్లీ ఇక్కడ కూడానా?"

మావయ్య ఒక కన్ను తెరిచాడు. "నీకెప్పుడు తెలిసిందక్కా?"

"మొదటి రోజే. ఒక పక్క ఆవలిస్తూ నిద్ర రావట్లేదని రాసేవాడు ఈ భూమ్మీద నువ్వు తప్ప ఇంకెవడుంటాడు?"

"మరి చెప్పలేదేం?"

"చెబితే సిగ్గుపడి మానేసేవాడివి. నాకు తోడెవడు?" అని ఆవిడ మేనకోడలి వైపు చూసింది. "మీరు మాత్రం గొడుగు కింద ఎన్నిసార్లు తోసుకున్నారే! అక్కడ కూడా కొట్టుకోవాలా?"

తమ్ముడు పగలబడి నవ్వాడు. మావయ్య లేచి, జుట్టు సవరించుకుని, చెప్పులు వేసుకుని, ఎప్పటిలాగే గుమ్మం దగ్గర ఆగాడు.

"సరే అక్కా, ఉంటాను."

"ఉండు మరి. అన్నం పెడుతున్నా" అంది అమ్మ.

మావయ్య ఒక్క క్షణం ఆలోచించి, పెద్దగా ఆవలించి, చెప్పులు విప్పాడు.