శెట్టిగారి ఇంగ్లిషు డౌట్లు

ఇంగ్లిషులో ఎక్కడ ‘ఇన్’ అనాలో, ఎక్కడ ‘ఆన్’ అనాలో, ఎక్కడ ‘యాట్’ అనాలో తేలేదాకా రంగనాయకులు శెట్టి మేకులు తూచేవాడు కాదు.

హోసూరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజులవి. తన ఇనుప సామాన్ల అంగడికి ఇంగ్లిషు మాట్లాడేవాళ్ళు వస్తారని యాభై దాటాక చదువు మొదలుపెట్టాడు.

“ఏమప్పా, నేను అంగట్లో ఉండాను. ఇన్ ద షాపా, యాట్ ద షాపా?”

“రెండూ చెల్లుతాయి మామా. మేకులియ్యి.”

“రెండూ ఎట్ల చెల్లుతాయి? కేజీ రాయి, అరకేజీ రాయి చూపించి ఏదైనా ఒకటే అంటే ఒప్పుకుంటావా?”

బోణీ బేరాన్ని ఏ అంగడివాడూ వదులుకోడు. శెట్టి వదులుకునేవాడు. బర్గూరు రైతొకడు పొద్దున్నే వచ్చి ఇతని ప్రశ్నలకు విసిగిపోయాడు.

“నాకు తవ్వేదానికి గడ్డపార కావల్ల సామీ, ఇంగ్లీషు కాదు!” అని అరిచి పక్కంగట్లోకి పోయాడు.

శెట్టి బాధపడలేదు. “ఇప్పుడాయప్ప పక్కంగడికి ‘టు’ పోయినాడా, ‘ఇంటు’ పోయినాడా?” అని అంగట్లోనే ఉన్న నన్నడిగాడు.

ఓపిగ్గా బదులు చెప్పేది మా వీధి వసంతలక్ష్మి ఒక్కతే. బి.ఎ. చదివింది. తెలిసినవాళ్ళ దగ్గర గలగలా మాట్లాడేది, కొత్తవాళ్ళ ముందు నోరు పెగిలేది కాదు. ఇంటర్వ్యూలకు పోయి మూగగా తిరిగొచ్చేది. ఈసారీ ఉద్యోగం రాకపోతే సొంతూరు కల్లావికి వచ్చేసి చేలో పని చూసుకోమని ఇంటి నుంచి కబురొచ్చింది.

ఆ ఇంటర్వ్యూ ఒక ఫ్యాక్టరీ వరండాలో జరిగింది. నేనూ పోయాను. నన్ను వద్దనుకోవడానికి వాళ్ళకు ఎంతోసేపు పట్టలేదు. వసంతలక్ష్మికి తోడుగా శెట్టి అంగడి మూసి వచ్చాడు.

ఆఫీసరు ఇంగ్లిషులో ఏదో అడిగాడు. ఆమె కొంగు నలుపుతూ నిలబడింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, శెట్టి లేచాడు.

“సార్, ఒక డౌటు! నేను బస్సులో వచ్చినాను. ఇన్ బస్సా, ఆన్ బస్సా?”

వరండా అంతా ఘొల్లుమంది. ఆఫీసరు కూడా నవ్వాడు.

వసంతలక్ష్మి తల కొట్టుకుంది. “బై బస్, మామా!”

“ఎందుకు?”

అలవాటు కొద్దీ ఆమె విడమరిచి చెప్పడం మొదలుపెట్టింది.

“అదే నాకు ఇంగ్లిషులో చెప్పమ్మా,” అన్నాడు ఆఫీసరు.

ఒకసారి తెరుచుకున్న నోరు ఇక ఆగలేదు. సోమవారం వచ్చి చేరమన్నారు.

తిరిగి వస్తూ శెట్టిని అడిగాను. “ఆ బస్సు సంగతి పోయిన వారమే ఆయమ్మి నీకు చెప్పింది కదా మామా?”

“చెప్పింది. అందుకే అడిగినా. తనకు రానిది అడిగితే ఇంకా ముడుచుకోదా?”

“ఆడ అందరూ నిన్ను చూసి నవ్వినారే!”

“నవ్వనీలేప్పా. నాకేమన్నా ఉద్యోగమిస్తామనినారా, పోయేదానికి?”