ఏ కాగితం మేడమ్?

తొమ్మిదేళ్లుగా ఒక కాగితం మోస్తున్నాను. మడతపెడితే అరచేతిలో ఇమిడిపోతుంది. రేషన్ కార్డు, పట్టా పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు దాచుకునే ప్లాస్టిక్ కవరులో అన్నిటికంటే అడుగున ఉంటుంది. ఏదో అవసరమొచ్చి మా ఆవిడ ఆ కవరు తీయబోతే నేను గబుక్కున లేచి, నేను వెతుకుతాలే ఇటివ్వు అంటాను. నాకు చాదస్తం అనుకుంటుంది. చాదస్తం కాదు, భయం.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. ఇలా అయితేనే నా నోరు పెగులుతుంది. భద్రాచలం అడవి అంచున ఒక పోలీస్ స్టేషన్లో రైటర్‌గా చేశానని మాత్రం చెబుతాను. రైటర్ అంటే కథలు రాసేవాడు కాదు. ఫిర్యాదు మొదలుకొని పంచనామా దాకా స్టేషన్లో ప్రతి అక్షరమూ అతని చేతి మీదుగానే పోవాలి. ఎస్సైలు మారతారు, సీఐలు మారతారు, రైటర్ మాత్రం ఉంటాడు. ఏ రూలు ఎక్కడుందో అందరూ నన్నే అడిగేవారు. "తెలియదు" అనే మాట నేను ఎవరితోనైనా అన్నానా? నాకు గుర్తులేదు. గొప్పకు చెప్పడం లేదు. నా జబ్బు అక్కడే ఉందని చెబుతున్నాను.

ఆమెది కంబోడియా. అసలు పేరు రాయను. ఊళ్లలో అందరూ చందమ్మ అన్నారు, నేనూ అలాగే అంటాను. నలభై దాటిన మనిషి, సన్నగా ఉండేది. చిన్నప్పుడు వాళ్ల పొలంలో పాతిన మందుపాతర మీద అడుగు పెట్టిందట. కుడికాలు మోకాలి కింద నుంచి లేదు. పెద్దయ్యాక కృత్రిమ కాళ్లు తయారుచేసే పని నేర్చుకుంది. హైదరాబాదులో ఏదో శిక్షణకు వచ్చినప్పుడు మా సీఐ గారికి పరిచయమైంది. మా దగ్గర అడవి గ్రామాల్లో కాళ్లు పోయినవాళ్లు ఉన్నారని ఆయన చెబితే, మరుసటి ఏడు సొంత ఖర్చుతో వచ్చింది. పోలీసులంటే జనానికి భయం పోవాలని సీఐ గారు అప్పట్లో ఊళ్లలో వైద్య శిబిరాలు పెట్టించేవారు. అందులో భాగంగా స్టేషన్ వెనక గది ఆమెకు ఇచ్చారు. మహిళా కానిస్టేబుళ్ల క్వార్టర్స్‌లో బస. మూడు నెలలు ఉండి, ఆరుగురికి కాళ్లు చేసి వెళ్లాలని ఆమె ఆలోచన.

ఆ ఆరుగురిలో ఒకామె జోగమ్మ. తునికాకు తెంపడానికి పోయి బాంబు మీద అడుగు పెట్టింది. పెట్టినవాళ్లు ఎవరి కోసం పెట్టారో నాకు తెలియదు. పోయింది మాత్రం జోగమ్మ ఎడమకాలు. మొదటి రోజు స్టేషన్ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. చందమ్మ ఆమె ముందు నేల మీద కూర్చుని, ప్యాంటు పైకి మడిచి, తన ప్లాస్టిక్ కాలిని వేలి కణుపులతో టకటకా కొట్టి చూపించింది. జోగమ్మ కాసేపు చూసింది. తర్వాత తనూ ఒకసారి కొట్టి చూసింది. ఇద్దరూ నవ్వారు. ఆ వరండాలో అంతకు ముందు ఎవరైనా నవ్వగా నేను చూడలేదు.

వచ్చిన మూడో రోజో నాలుగో రోజో చందమ్మ నన్ను అడిగింది. తనది టూరిస్ట్ వీసా అని, దాని మీద ఇక్కడ పని చేయవచ్చా అని. నాకు తెలియదు. తెలియదని చెప్పి ఉండాల్సింది. నేను నవ్వాను. మీరు పోలీసుల దగ్గరే ఉన్నారు, మిమ్మల్ని అడిగేదెవరు అన్నాను. జీతం తీసుకోవడం లేదు కదా, జీతం లేనిది పనెలా అవుతుంది అని కూడా అన్నాను. ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆమె నాలాంటి మనిషి కాదు. తెలియనిది తెలియదంటుంది. రెండు రోజులాగి ఒక కాగితం తెచ్చి నా చేతికిచ్చింది. ఇంగ్లీషులో, గుండ్రటి అక్షరాలతో, ఒకే పేజీ. నేను టూరిస్ట్ వీసా మీద వచ్చాను, శిబిరంలో జీతం లేకుండా పనిచేస్తున్నాను, దీనికి వేరే వీసాగానీ అనుమతిగానీ కావాలంటే విదేశీయుల వ్యవహారాలు చూసే జిల్లా ఆఫీసును అడిగి చెప్పండి, ఆపమంటే పని ఆపేస్తాను. అంతే అందులో ఉన్నది. పంపిస్తానన్నాను. "థ్యాంక్స్ అన్నా" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం రూల్సు తిరగేశాను. అప్పుడు తెలిసింది. టూరిస్ట్ వీసా ఊళ్లు చూడటానికి, తెలిసినవాళ్లను కలవడానికి. మూడు నెలలు ఒక చోట కూర్చుని పనిచేయడానికి అది చాలదు, జీతం ఉన్నా లేకున్నా. పైగా విదేశీయులకు బస ఇచ్చినవాళ్లు ఇరవై నాలుగు గంటల్లోపు ఆ సంగతి పైకి తెలియజేయాలి. ఈ రెండోది నాకు కొత్త కాదు. భద్రాచలంలో లాడ్జీలవాళ్లు ఆలస్యం చేస్తే ఫోన్ చేసి తిట్టేది నేనే. మా స్టేషన్ క్వార్టర్స్‌లో దిగిన మనిషి గురించి మాత్రం అప్పటికి వారమైనా ఎవరికీ చెప్పలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

ఆ కాగితం పైకి పంపాలంటే దానితో పాటు నా తప్పూ పైకి పోవాలి. వారం రోజులు ఏం చేస్తున్నావయ్యా అని అడుగుతారు. ఇంత సర్వీసులో ఒక్క మెమో కూడా లేనివాణ్ణి. రేపు చూద్దామని సొరుగులో పెట్టాను. ఆ రేపు మూడు వారాలైంది. ప్రతి ఉదయం సొరుగు తీసేవాణ్ణి, కాగితం కనిపించేది, మళ్లీ మూసేవాణ్ణి. ఆమె ఒకసారి అడిగితే ఇంకా జవాబు రాలేదన్నాను. పంపని ఉత్తరానికి జవాబెలా వస్తుంది?

తర్వాత ఒక ఫోటో వచ్చింది. సీఐ గారే విలేకరులను పిలిచారు. జోగమ్మ కాలికి తెల్లటి పట్టీ చుడుతున్న చందమ్మ, వెనక చేతులు కట్టుకుని మా వాళ్లు, ఆ చివర నేను. పేపర్లో రంగుల్లో వేశారు. మా ఆవిడ ఆ ముక్క కత్తిరించి దాచింది. రెండు రోజులు తిరగకముందే పై ఆఫీసు నుంచి ఫోన్. ఆ విదేశీ మహిళ ఏ వీసా మీద పనిచేస్తోంది?

సీఐ గారు నన్నూ ఆమెనూ గదిలోకి పిలిచారు. ఆమె చేతులకు ఇంకా పిండికట్టు సున్నం అంటుకుని ఉంది. అంతకు కాసేపటి ముందే జోగమ్మ కాలికి అచ్చు తీసింది. బయట బెంచీ మీద జోగమ్మ కూర్చునే ఉంది.

"ఏందిది రైటర్? టూరిస్ట్ వీసా మీద ఉన్నదంట గదా. ఆ సంగతి మనకు ముందే చెప్పిందా?"

"లేదు సార్."

చందమ్మకు అప్పటికి తెలుగు కొంచెం పట్టుబడింది. జోగమ్మ దగ్గరా, మా హోంగార్డుల దగ్గరా నేర్చుకున్న తెలుగు. నా వైపు తిరిగింది.

"అన్నా, కాగితం ఇచ్చిన గదా."

"ఏ కాగితం మేడమ్?"

అంతే. మూడు మాటలు. మర్యాదగానే అన్నాను. గొంతు కూడా వణకలేదు. ఏదో ఒకటి వణికి ఉంటే ఇవాళ చెప్పుకోవడానికి కాస్త బాగుండేది.

ఆమె అరుస్తుందనుకున్నాను. వెతకమంటుందనుకున్నాను. సొరుగు పక్క గదిలోనే ఉంది, పది అడుగుల దూరం. ఆమె నా మొహం వైపు చూసి, తర్వాత తన చేతుల వైపు చూసుకుని, గోళ్ల కింద ఎండిన సున్నం గీరుకుంది. సీఐ గారూ నన్ను చూశారు. ఆయనకు అర్థమైందా? అయ్యే ఉంటుంది. నా అబద్ధం ఆయనకూ అక్కరకొచ్చింది. కానీ ఆయన్ని ఇందులోకి లాగను. మాట అన్నది నేను.

వాంగ్మూలం నేనే టైపు చేశాను. వీసా సంగతి దాచిపెట్టి పోలీసులను తప్పుదారి పట్టించినట్టు. చక్కటి ఇంగ్లీషు, ఒక్క తప్పు లేదు. ఆమె మొత్తం చదివి సంతకం పెట్టింది. ఎందుకు పెట్టింది? పేచీ పెడితే శిబిరమే మూతపడి, మిగతావాళ్లకు మందులు కూడా అందవనుకుందా? మా మధ్య నోరెత్తి లాభం లేదనుకుందా? ఈ తొమ్మిదేళ్లలో ఈ ప్రశ్న నాకు నేనే ఎన్నిసార్లు వేసుకున్నానో, ఎప్పుడూ నాకు హాయినిచ్చే జవాబు వైపే జరిగేవాణ్ణి. ఆమెకు కోపం రాలేదు, ఆమెకు పెద్ద నష్టమేమీ లేదు, ఆమె దేశంలో ఆమెకు పని ఉంది, ఇలా.

వారంలో దేశం విడిచి పొమ్మన్నారు. మళ్లీ రానివ్వకూడనివాళ్ల జాబితాలో పేరు ఎక్కించారు. వెళ్లేరోజు ఆ అచ్చు తెచ్చి నా బల్ల మీద పెట్టింది. జోగమ్మ మోకాలి కింది ముక్క, తెల్లగా, మొద్దులా. "పారెయ్యకు అన్నా. వేరేవాళ్లు వస్తే పనికొస్తది" అంది. నాకే ఇచ్చింది. స్టేషన్లో ఇంకెవరూ లేనట్టు నాకే ఎందుకిచ్చింది? నమ్మి ఇచ్చిందా, గుచ్చడానికి ఇచ్చిందా? కేసుల సరుకు దాచే మాల్‌ఖానాలో, పట్టుబడిన నాటుసారా క్యాన్ల పక్కన, చీటీ అంటించి పెట్టాను. వేరేవాళ్లు ఎవరూ రాలేదు. కాలు పోయినచోట కండ కరుగుతూ ఉంటుందట. ఏడాది తిరిగేసరికి ఆ అచ్చు జోగమ్మది కాకుండా పోయింది.

మరో సంగతి. చాలా రోజుల తర్వాత, ఖమ్మంలో ఈ ఫైళ్లు చూసే గుమాస్తా ఒకాయన టీ తాగుతూ చెప్పాడు. ఆ మనిషే ముందుగా రాసి అడిగి ఉంటే ఏమీ అయ్యేది కాదు సార్, వెనక్కి పోయి సరైన వీసా మీద రెండు మూడు నెలల్లో తిరిగొచ్చేది, దాచింది కాబట్టి ఇట్ల అయింది అన్నాడు. నేను టీ గ్లాసు చూస్తూ అవునన్నాను. తేలు కుట్టిన దొంగకు నోరెక్కడిది? రెండు మూడు నెలలు ఆగితే అయిపోయేది. నేను ఒక్క మెమో తీసుకుని ఉంటే అయిపోయేది.

జోగమ్మ కర్ర ఊతంతో సంతకు వచ్చేది. నన్ను చూస్తే ఆగేది. "చందమ్మ ఎప్పుడొస్తది సారూ?" వస్తది అనేవాణ్ణి. వచ్చే నెల అనేవాణ్ణి. కంది కోతలు అయిపోయాక అనేవాణ్ణి. రెండేళ్లు అలా అన్నాను. తర్వాత నేనే సంత రోజున డ్యూటీ మార్చుకున్నాను. ఎక్కడో శిబిరంలో ఆమెకు ఒక కాలు ఇచ్చారని విన్నాను. కొలత కుదరక పుండ్లు పడితే తీసి దూలానికి వేలాడదీసిందట.

ఈ మధ్య రిటైరయ్యాను. శాలువా కప్పారు. ఒక్క కాగితం కూడా పోగొట్టని మనిషి అని మైకులో చెప్పారు. నిజమే. పోగొట్టలేదు. చించడానికి కూడా ధైర్యం లేక ఇంటికి తెచ్చుకున్నాను.

పోయిన నెల జోగమ్మ ఊరికి వెళ్లాను. దమ్మపేట దాటి, పామాయిల్ తోటలు దాటి, దారంతా చెప్పాల్సిన మాట వరుస పెట్టుకుంటూ. ఆమె వాకిట్లో ఇప్పపువ్వు ఎండబెడుతోంది. కాలు ఇంకా దూలానికే ఉంది. నీళ్లిచ్చింది. చందమ్మ గుర్తుందా అని అడిగాను.

"ఎందుకుండదు సారూ. మంచిదే. కానీ మాట తప్పింది. కాలు చేసిస్తనన్నది, చెప్పకుండ పోయింది. ఏం జేస్తం, దూరపోళ్లు గదా."

అవునమ్మా అన్నాను. నిజంగా, అవునమ్మా అన్నాను. ఇప్పపువ్వు వాసన, ఎండ, దూలానికి ఆ కాలు. నీళ్లు తాగి లేచి వచ్చేశాను.

ఆ కంబోడియా మనిషికి నేను చేసిన అన్యాయం కాగితాల్లో ఉందనుకున్నాను ఇన్నాళ్లూ. అది జోగమ్మ మనసులోకి కూడా పోయి కూర్చుంది. దేశంలోకి రానివ్వకపోవడం ఒకటి, ఒకరి మనసులో మాట తప్పిన మనిషిగా మిగిలిపోవడం మరొకటి. ఈ రెండోది ఏ ఆఫీసూ చేయలేదు. నేనే చేశాను, రెండుసార్లు: సంతలో వస్తది అని, వాకిట్లో అవునమ్మా అని.

క్షమించమని అడగను. అడగాల్సిన ఇద్దరిలో ఒకరు ఎక్కడున్నారో తెలియదు, ఇంకొకరి ఎదుట కూర్చుని కూడా చెప్పలేకపోయాను. మళ్లీ వెళ్లి చెబుతానా? చెబుతానని ఇక్కడ రాసుకుంటే అది ఇంకో వచ్చే నెల అవుతుంది. అందుకే రాయను. ఇంత చెప్పాక మాత్రం ఛాతీలో ఏదో కొంచెం వదులైంది. అది కూడా నాకు దక్కాల్సింది కాదేమో.

కవరులోంచి తీసి, కాగితం బల్ల మీద పరిచాను. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూస్తే చూడనీ అని దాచలేదు. సీఐ గారు ఆ రోజు అడిగినదానికి నా జవాబు మార్చుకుంటున్నాను.

చెప్పింది సార్. కాగితం రాసి ఇచ్చింది. నా చేతికే ఇచ్చింది.