పొగలు కక్కుతూ పెళ్లిచూపులకు

తెలంగాణ ఉద్యమం రోజుల్లో రోడ్ల మీద టైర్లు ఎన్నో కాలాయి. కారుకు తొడిగి ఉండగానే, లోపల కూర్చుని నడుపుతూనే, టైరును తగలబెట్టబోయిన మొనగాణ్ని మాత్రం నేనే. మీరు నవ్వినా నాకేం నామోషీ లేదు.

నాకు కురవిలో పెళ్లిచూపులు. ఆ రోజే బందు. మా గూడూరు నుంచి బస్సుల్లేవు, మెకానిక్ షాపు మూసేశారు. మా పాత కారు ముందు చక్రాలేమో బేరింగులు అరిగి మూలుగుతున్నాయి. కొత్త బేరింగులు ఇంట్లోనే ఉన్నాయి. ఇంకేం, నేనూ ఉన్నాను.

"షాపు తెరిచేదాక ఆగరాదురా," అన్నాడు బాపు.

"పాతది ఊడదీసుడు, కొత్తది ఎక్కిచ్చుడు. గిదేమన్న గుండె ఆపరేషనా బాపూ?"

వాకిట్లో జాకీ ఎత్తి పాతవి ఊడబెరికాను. కొత్తవాటికి ఎంత గ్రీజు పట్టిందో నా గడ్డానికీ అంతే పట్టింది. చివర్లో ఇరుసు నట్టు. దాన్ని బిగించాక కాస్త వెనక్కి సడలించాలట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పానాకు పొడుగాటి పైపు తొడిగి, దాని మీద ఎక్కి నిలబడ్డాను.

"గంత బిగిస్తే తిరుగుతదారా?" అంది అవ్వ.

"ఊడిపోకుంటే చాలదానే అవ్వా?"

మానుకోట దాటేదాకా కారు ముక్కుతూ నడిచింది. "కొత్తవి గదా, జర బిర్రుగుంటయి," అని పక్కనున్న బాపుకు ధైర్యం చెప్పాను. కురవి దగ్గరికొచ్చేసరికి ముందు చక్రాల నుంచి పొగ లేచింది. అక్కడే జనం నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మమ్మల్ని చూసి అందరూ లేచారు.

"చూసిండ్రా, అన్న సొంత కారుకే నిప్పు వెట్టుకొని మద్దతుకొచ్చిండు. జై తెలంగాణ."

మెడలో దండ పడింది. నేనూ పిడికిలెత్తాను. వచ్చిన మర్యాదను కాదనడం మా ఇంటా వంటా లేదు. గరిటె పట్టుకున్న ఒక పెద్దమనిషి మాత్రం జై అనలేదు. బిందెడు నీళ్లు తెచ్చి చక్రం మీద గుమ్మరించి, వంగి చూశాడు.

"గాయనేరా పిల్ల తండ్రి," అన్నాడు బాపు నా చెవిలో.

నా పిడికిలి దానంతటదే దిగింది. సంబంధం పోయిందనుకున్నాను.

"గీ నట్టు ఎవలు బిగించిండ్రు బిడ్డా?"

"నేనే మామా."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "నట్టునే గింత గట్టిగ పట్టినోడు నా బిడ్డను ఇడిచిపెట్టడు. పిల్లనిస్త. గని లగ్గం బస్సులు తిరిగినంకనే. నా బిడ్డ నీ కారెక్కదు."

తెగేదాకా లాగొద్దన్నారు పెద్దలు. పొగొచ్చేదాకా బిగించొద్దని ఒక్కరైనా అన్నారా? అయినా ఆ జనమంతా సాక్షిగా, చేతిలో పులిహోర విస్తరితో ప్రమాణం చేశాను, ఈ జన్మలో మళ్లీ పానా ముట్టనని. మా ఆవిడ బస్సులోనే కాపురానికొచ్చింది. ఇప్పటికీ మా ఇంట్లో పచ్చడి సీసా మూతైనా సరే, ఆమే బిగిస్తుంది.