పచ్చి అచ్చులో పోసిన గంట

పొద్దున్నే నా చేతి అద్దం నాకు దొరికేది కాదు. మా ఆయన గంటలు పోసేవాడు. మట్టి అచ్చు ఎండిందో లేదో చూడటానికి దాని మూతి దగ్గర నా అద్దం పట్టేవాడు. అద్దానికి చెమ్మ పడితే అచ్చు ఇంకా పచ్చిదే. ఆయన తెచ్చి ఇచ్చాకే నేను తల దువ్వుకునేదాన్ని. ఇప్పుడు అద్దం రోజంతా మేకుకే ఉంటోంది.

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆయన నన్ను మెచ్చుకున్నది రెండుసార్లు, రెండూ మట్టి మెత్తగా జల్లించినందుకే. అయితే పచ్చి అచ్చులో కంచు పోయమని దేవుడు దిగివచ్చి అడిగినా పోసేవాడు కాదు.

గడియార స్తంభంలోని పాత గంట ఆయన ముత్తాత పోసింది. దాన్ని పగలగొట్టిన ఘనత అధ్యక్షుడిది. దేనికి అధ్యక్షుడని అడిగితే, చాలావాటికి అంటాడు. తన ఉపన్యాసానికి ముందు గట్టిగా మోగాలని చెక్క సుత్తి తీయించి ఇనప సమ్మెట పెట్టించాడు. రెండు దెబ్బలకే గంట నిలువునా బీటవారింది.

కరిగించి మళ్లీ పోయడానికి మా ఆయన నలభై రోజులు అడిగాడు.

"పన్నెండు రోజుల్లో కొత్త గంట ప్రారంభోత్సవం. ఆహ్వానాలు పంచేశాం," అన్నాడు అధ్యక్షుడు.

"మట్టికి కూడా ఒకటి పంపండి. తొందరగా ఎండుతుందేమో."

మర్నాడే మా ఆయన గుండెనొప్పితో మంచం పట్టాడు. అధ్యక్షుడికి కలిసొచ్చింది. పని మా మరిదికి అప్పగించాడు. మరిది అన్నకు తమ్ముడే కానీ, పనికి ఏమీ కాడు. మా పెరటి గోతిలోనే అచ్చు కట్టాడు. పదకొండో రోజు అతనూ నా అద్దం పట్టుకెళ్లాడు. వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అద్దం మసకేసింది. తువ్వాలుతో తుడిచి, "ఎండిపోయిందండీ," అన్నాడు అధ్యక్షుడితో.

"అది పచ్చిగా ఉంది నాయనా," అన్నాను.

"నువ్వెళ్లి వంట చూసుకో వదినా."

వెళ్లి వంట చూసుకున్నాను. ఆ తప్పు నాదే.

కంచు పోయగానే లోపలి తడి ఆవిరై పొంగి, గంట ఒళ్లంతా బొబ్బలతో బయటికొచ్చింది. అరగదీసి, రంగు పూసి పైకెక్కించారు. మొదటి దెబ్బ మా ఆయన మంచంలోంచి విన్నాడు. "ఎవరింట్లోనో బిందె దొర్లింది," అన్నాడు. నాలుగో రోజు కన్నుమూశాడు.

గంట ఎందుకు చెడిందో తేల్చడానికి రేపు పై ఆఫీసు నుంచి ఇంజనీరు విచారణకు వస్తున్నాడు. అందుకని నిన్న అధ్యక్షుడు, మరిది కలిసి వచ్చారు. అధ్యక్షుడు మా ఆయన కుర్చీలోనే కూర్చున్నాడు.

"అచ్చు కట్టింది అన్నయ్యేనని చెబుదాం వదినా. పోయినవాడికి పోయేదేముంది?" అన్నాడు మరిది.

"పేరు," అన్నాను.

"జబ్బు మనిషి కదా చెల్లెమ్మా, ఎవరూ తప్పుపట్టరు," అన్నాడు అధ్యక్షుడు. "పెరట్లో ఆ అచ్చు పెంకులు ఊడ్చి గోతిలో వేసి, మట్టి కప్పేయండి. శుభ్రంగా ఉంటే మీకే మర్యాద."

ఆడలేక మద్దెల ఓడన్నవాళ్లను చాలామందిని చూశాను. చచ్చినవాణ్ణి మద్దెల చేసుకోవడానికి నా ఇంటికే వచ్చి, నా చేతి టీ తాగినవాళ్లను నిన్ననే చూశాను.

వాళ్లు వెళ్లాక పెంకులు తిరగేసి చూశాను. లోపలివైపు జల్లెడలా తూట్లు. బయటివైపు తడి మట్టిని అదిమిన చేతి ముద్రలు. ఎడమచేతి ముద్రలన్నిటికీ నాలుగే వేళ్లు. మరిదికి ఆ చేతికి చిటికెన వేలు లేదు. మా ఆయనకు పదీ ఉండేవి.

ఈ రోజు ఇల్లు ఊడ్చాను. వాకిలి ఊడ్చాను. అధ్యక్షుడు కూర్చున్న చోటు రెండుసార్లు ఊడ్చాను. పెరట్లోకి మాత్రం చీపురు తీసుకెళ్లలేదు.