అత్త ఊరకున్న చోటు

మొన్న సోమవారం తిరుమణిలో మా మేనత్త కన్నుమూసింది. ఆమె కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను పావగడలో, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆమె గొంతే వింటున్నాను.

గొర్రెల కాపరుల పాత కథలను పెద్దల నోట రికార్డు చేసి, బెంగళూరులోని ఒక ఆర్కైవ్‌కు పంపడం నా పని. అక్కడ కృత్రిమ మేధ ఆ మాటలను అక్షరాల్లో పెడుతుంది. తప్పులు నేను దిద్దాలి. అత్తకు చదువు రాదు కాబట్టి ఆ కాగితాలు తీసుకెళ్లి చదివి వినిపించేదాన్ని. తన చేను కంచె వేసిన సోలార్ పలకల కిందికి వెళ్లిపోయినా ఆమె రోజూ పొద్దున్నే ఆ కంచె వెంట నడిచి వచ్చేది. నేను వెళ్లిన రోజున వచ్చి కాళ్లు చాపుకుని, వేరుశనక్కాయలు ఒలుస్తూ వినేది. తను "ఉండాది" అన్నదాన్ని యంత్రం "ఉంది" అని మార్చిన చోటు చదివితే ఒలిచే చెయ్యి ఆగిపోయేది.

"నా మాట మార్చేదానికి అదెవరు పాపా?"

నేను నవ్వేదాన్ని. ఒకరోజు మాత్రం నవ్వు రాలేదు.

అత్త చిన్నప్పుడు, కరువు ఏడాది, ఇంటిల్లిపాదీ మందను తోలుకుని నిడుగల్లు వైపు నడిచిన కథ అది. "చెల్లెలికి జ్వరమొచ్చె" అన్నాక రికార్డులో ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ఆ ఖాళీలో యంత్రం తనే ఒక వాక్యం అల్లింది. నేను గమనించకుండా చదివేశాను: "తర్వాత అందరూ క్షేమంగా ఇల్లు చేరారు."

"ఎవరు చేరినారు? నేను చెప్పలేదే! నా చెల్లెలు దోవలోనే పోయింది పాపా. ఆడనే పూడ్చిపెట్టి, మందెనకాల నడిచినాము."

తల ఎత్తలేకపోయాను. "అదే రాస్తానత్తా" అన్నాను.

"అడిగినోళ్లకి చెప్పు, దాచేదేం లేదు. కాగితంలో మాత్రం వద్దు. ఆడ నేను ఊరకుంటిని కదా. ఊరకుండె అని రాయి."

అప్పటికే దిద్ది పంపేసిన ప్రతి అది, ఇక నా చేతుల్లో లేదు; ఆ వాక్యం తీసేయమని ఆర్కైవ్‌కు రాశాను. సరేనన్నారు, తీయలేదు. మళ్లీ రాశాను. ఫోన్ చేసినప్పుడల్లా అత్త "తీసినారా?" అని అడిగేది. రేపు, ఎల్లుండి అంటూ వచ్చాను. గట్టిగా అడిగి ఉంటే ఆమె ఉండగానే అయ్యేదేమో. ఆ ఆలోచన నన్ను కుదురుగా కూర్చోనివ్వడం లేదు. అత్తను మట్టి చేసి అందరూ తిరిగొచ్చాక, పెరట్లో నిలబడి మళ్లీ ఫోన్ చేశాను. తీసేదాకా పెట్టేయలేదు.

ఇప్పుడు కాగితంలో "ఊరకుండె" అని మాత్రమే ఉంది. ఆ చోట రికార్డు వింటే అత్త ఊపిరి వినిపిస్తుంది. ఎవరో గిన్నె కడుగుతున్న చప్పుడు, దూరంగా ఒక మేక అరుపు. తర్వాత ఆమె గట్టిగా ముక్కు చీది, "మంద నీళ్ల కాడికి వచ్చె" అంటూ కథ మళ్లీ ఎత్తుకుంటుంది.